పరగడుపు

అతన్ని మేమంతా దోమ అనేవాళ్ళం. చాటుగా కాదు, ఎదురుగానే. అతనూ పలికేవాడు. తెల్లారీ తెల్లారకుండా తలుపు తట్టి మనిషి రక్తం పట్టుకుపోయేవాణ్ణి ఇంకేమని పిలుస్తారు? మా ఊళ్ళో పెద్ద ల్యాబు ఒకటుంది. అక్కడిదాకా రాలేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకురావడం అతని ఉద్యోగం. పాత స్కూటరు, భుజానికి నీలం పెట్టె, పెట్టెలో ఐసు ముక్కల పక్కన రంగురంగుల మూతల గొట్టాలు. తన పెళ్ళికి ముందు నుంచీ అదే పని. ఎండైనా వానైనా అతను రాలేదని ఎవరూ అనగా నేను వినలేదు.

"దోమ కుడితే తెలుస్తుంది, నేను కుడితే తెలీదు," అని గొప్పలు పోయేవాడు. అందులో అబద్ధమేం లేదు. మా అత్తగారికి ఒక పట్టాన నరం దొరకదు. ల్యాబుకి తీసుకెళ్తే రెండు చేతులూ కుళ్ళబొడిచి పంపేవాళ్ళు. ఇతనొచ్చి, మంచం పక్కన స్టూలేసుకుని, ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, "కాళ్ళ నొప్పులెలా ఉన్నాయి మామ్మగారూ?" అనేవాడు. ఆవిడ ఒక కాలి గురించి చెప్పేలోపు పనైపోయి దూది అంటించేసేవాడు. రెండో కాలి సంగతి కూడా పూర్తిగా విని మరీ వెళ్ళేవాడు, అది అతని మంచితనం. నేనైతే వినను.

ఏ గుమ్మంలోనైనా అతని మొదటి మాట ఒకటే. "ఏమైనా తిన్నారా?" లేదంటే ముఖం వెలిగిపోయేది. "అదీ మాట," అని పెట్టె తెరిచేవాడు. ఒక్క బిస్కెట్టు తిన్నామన్నా నీరుగారిపోయేవాడు. పరగడుపున తీయాల్సిన రక్తం మరి, మళ్ళీ మర్నాడు రావాలి. లోకంలో ఎవరైనా "తిన్నారా?" అని అడిగేది తిన్నామంటే సంతోషించడానికి. అతనిది తిరగేసిన వ్యవహారం. "ఊరంతా పస్తులుంటే నీకు పండగలా ఉంది," అని నేను ఏడిపించేదాన్ని. నవ్వేసేవాడు.

నేను బట్టలు కుడతాను. స్టేడియం గోడనానుకుని నా షాపు. మోకాళ్ళు పట్టేస్తున్నాయని డాక్టరు నడవమంటే నడిచాను, నడుస్తూ నడుస్తూ ఎప్పుడు పరుగులోకి జారానో నాకే తెలీదు. స్టేడియం వెనక మట్టి ట్రాకు మీద పొద్దున్నే పరుగెత్తే గుంపొకటుంది. బ్యాంకు మేనేజరు, ఒక ఇంజనీరు, ఒక హెడ్మిస్ట్రెస్సు, నేను, ఇంకొందరు. ఎవరికీ పతకాలు రావు. ఎవరూ మానరు. దోమ కూడా అక్కడే పరుగెత్తేవాడు, పరుగంటే అలిగి పుట్టింటికి పోతున్న మనిషి నడకంత వేగంగా. అసలు పరుగు అతని కూతురిది.

ఆ పిల్లని బుజ్జీ అని పిలిచేవాడు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. పదో తరగతిలో ఉండగా తల్లి జబ్బు చేసి పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు లేవు. తాళం ఎక్కడ, గ్యాసు అయిపోయింది, కరెంటు బిల్లు వచ్చింది, అంతే. ఇద్దరూ పోట్లాడుకోలేదు, ఒకళ్ళంటే ఒకళ్ళకి ప్రాణం, కానీ నోరు తెరిస్తే పోయినావిడ గురించే వస్తుందని ఇద్దరికీ భయం. బుజ్జి పొద్దున్నే లేచి పరుగుకి పోవడం మొదలుపెట్టింది. కుక్కలు వెంటపడతాయేమోనని అతను స్కూటరు మీద వెనకాలే వచ్చేవాడు. కొన్నాళ్ళకి స్కూటరు దిగాడు. అలా ఇద్దరూ మా గుంపులో కలిశారు. పిల్ల చదువయ్యాక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో చేరింది, పరుగు మాత్రం మానలేదు.

అప్పుడొచ్చింది దోమ చేతికి ఒక మీటరు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. చెవి తమ్మెకి చిన్న సూది గుచ్చి, వచ్చిన చుక్కని దాని నాలిక లాంటి పట్టీకి అంటిస్తే రక్తంలో లాక్టేట్ ఎంతుందో చెబుతుంది. గట్టిగా పరుగెత్తేకొద్దీ కండల్లోంచి రక్తంలోకి చేరే సరుకది. మనిషి బలపడేకొద్దీ అదే వేగానికి అంకె తగ్గుతుంది. దోమ ఇదంతా మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి చెప్పాడు. పెద్ద పెద్ద ఆటగాళ్ళందరూ చేయించుకుంటారట, మనలాంటివాళ్ళూ నెలకోసారైనా చేయించుకోవాలట. "బండి టైర్లో గాలి చూసుకుంటారు కదా, మీలో చూసుకోరా?" అన్నాడు.

"ఎందుకయ్యా నీకింత తాపత్రయం?" అనడిగాను.

కాస్సేపు ఆ మీటరుని తిప్పి చూసుకున్నాడు. "ఇన్నేళ్ళుగా ఊరందరి రక్తం మోశానక్కా. ఎవరికేం వచ్చిందో నాకు ఎప్పుడూ తెలీదు. గొట్టం ల్యాబులో ఇస్తా, రిపోర్టు వాళ్ళ ఫోన్లోకి పోతుంది. ఇది మాత్రం నా చేతిలోనే చెబుతుంది."

ఆ మాటకి నాకు జాలేసింది. జాలి వేరు, చెవి ఇవ్వడం వేరు. "నా రక్తం తాగడానికి ఇంట్లో మా ఆయన, అత్తగారు ఉన్నారు. మూడో మనిషికి మిగల్లేదు," అని తప్పించుకున్నాను.

మిగతావాళ్ళు సరదాపడ్డారు. మొదటి ఆదివారం దోమ వేసిన కుర్చీలో బ్యాంకు మేనేజరు కూర్చున్నాడు. చెమట సరిగ్గా తుడవకముందే ఆయన తొందరపెట్టి గుచ్చించుకున్నాడు. చెమటలో కూడా ఆ సరుకే దండిగా ఉంటుందట, అంకె ఆకాశానికంటింది. ఆయన ఆ అంకె చూసి తెల్లబోయి భార్యకి ఫోన్ చేసి బీరువా తాళాలెక్కడున్నాయో చెప్పడం మొదలుపెట్టాడు. మేం నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయాం. రెండోసారి తుడిచి తీస్తే మామూలుగానే ఉంది. కానీ దోమ ఆయనతో, "మీరు మెల్లగా పరుగెత్తాల్సిన రోజున కూడా ఎక్కువ వేగం పోతున్నారు సార్, తగ్గించండి," అన్నాడు. అంతే, ఆయన మళ్ళీ కుర్చీ దగ్గరికి రాలేదు. పక్కవాడు దాటిపోతుంటే చూస్తూ మెల్లగా పరుగెత్తమని ఏ మీటరు చెప్పినా మా గుంపులో ఎవరూ వినరు.

ఇంజనీరు కొన్నాళ్ళు కుర్చీ చుట్టూ బాగా తిరిగాడు. చెవి చాలక వేళ్ళు కూడా గుచ్చించుకుని, ఆఫీసులో కీబోర్డు నొక్కలేక మానేశాడు. హెడ్మిస్ట్రెస్సుకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అలా ఒక్కొక్కరూ జారుకున్నారు. దోమ ఎవర్నీ ఏమీ అనలేదు. కుర్చీ మాత్రం ప్రతి ఆదివారం ట్రాకు మలుపులో వేసేవాడు. బుజ్జి ఒక్కతే వచ్చేది.

ఆ కుర్చీ దగ్గర వాళ్ళిద్దర్నీ చూడాలి. పిల్ల ఒక్కో విడత కాస్త వేగం పెంచుకుంటూ పరుగెత్తి వచ్చి కూర్చునేది. అతను తడిగుడ్డతో చెవి తుడిచి, పొడిగా అద్ది, చిటుక్కున గుచ్చి, మొదటి చుక్క దూదితో తీసేసి రెండో చుక్క పట్టీకి అంటించేవాడు. అంకె వచ్చేదాకా ఇద్దరి తలలూ ఆ మీటరు మీదే ఆనుకుని ఉండేవి. "నాన్నా, పోయిన వారం కంటే తక్కువే ఉంటుంది చూడు." "పందెం?" "ఏం పందెం?" ఇలా. ఇంట్లో వారమంతా పెదవి విప్పనివాళ్ళు అక్కడ చిన్నపిల్లల్లా వాదించుకునేవాళ్ళు. నేను ట్రాకు చుట్టూ తిరుగుతూ ఆ మలుపు వచ్చినప్పుడల్లా కావాలనే వేగం తగ్గించేదాన్ని, ఆ మాటలు వినడానికి.

ఆ ఏడాది బుజ్జి పెద్ద పందెం ఒకటి పెట్టుకుంది. మారథాన్ మూడున్నర గంటల్లోపు ముగించాలి. ఒళ్ళు తేలికైతే వేగం పెరుగుతుందని ఎవరు నూరిపోశారో, ఎక్కడ చూసిందో, తిండి తగ్గించడం మొదలుపెట్టింది. ఇంట్లోనేమో క్లినిక్‌లో తిన్నానని, క్లినిక్‌లోనేమో ఇంట్లో తిన్నానని చెప్పేదట. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. అప్పట్లో మాకు తెలిసింది ఒక్కటే, వారం వారం అంకె తగ్గుతోంది. అదే వేగానికి పోయిన నెల కంటే తక్కువ, ఈ నెల ఇంకా తక్కువ. దోమకి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఫోన్లో ఆ అంకెలతో గీసిన గీత తీసి కనిపించిన ప్రతివాడికీ చూపించేవాడు. జారుకున్నవాళ్ళందరూ ఆ గీత చూసి మెత్తబడ్డారు. బ్యాంకు మేనేజరైతే, "ఆదివారం నేనూ వస్తానయ్యా, ఈసారి చెమట బాగా తుడు," అన్నాడు. ఇన్నాళ్ళకి దోమ మాట గెలిచింది.

ఆ వారంలోనే బుజ్జి పరుగు ప్యాంటు పట్టుకుని నా షాపుకొచ్చింది. నడుం బిగించమంది. అంతకు ముందోసారి బిగించినదే అది. టేపు చుట్టబోతే నా వేళ్ళకి ఎముకలే తగిలాయి. చేతుల మీద సన్నటి నూగు మొలిచి ఉంది, మధ్యాహ్నం ఎండలో కూడా స్వెట్టర్ వేసుకుని ఉంది.  "ఏంటే ఇది? ఏమన్నా తింటున్నావా లేదా?" అని కసిరాను. బన్ను తెప్పించి ఇచ్చాను. "ఇంట్లో తిన్నా పిన్నీ," అని సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం దోమ స్కూటరు ఆపి పట్టుకున్నాను. "పిల్ల చిక్కి సగమైంది. కళ్ళు కనిపించట్లేదా నీకు?"

"పరుగెత్తేవాళ్ళు అలాగే ఉంటారక్కా."

"నా టేపు చెబుతోందయ్యా."

"నీ టేపు పైపైన కొలుస్తుంది. నా మీటరు లోపల కొలుస్తుంది. రక్తం అబద్ధం చెప్పదు," అన్నాడు. ముఖంలో అంత ధీమా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్ళు మండి షాపులోకి వచ్చేశాను.

ఆ ఆదివారం కుర్చీ ముందు క్యూ ఉంది. మేనేజరు, ఇంజనీరు, కళ్ళు మూసుకుని నిలబడ్డ హెడ్మిస్ట్రెస్సు. దోమ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ముందు బుజ్జి చేసి చూపించాలి. ఒక విడత పరుగెత్తింది, రెండో విడత, మూడో విడత. ప్రతిసారీ అతను అంకె పైకి చదివాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆఖరి విడత అన్నిటికంటే వేగం. అవతలి మలుపులో ఆ పిల్ల ఉన్నట్టుండి ఒక పక్కకి ఒరిగి కూలిపోయింది. తూలడం కాదు, కాలు కిందనుంచి ఎవరో లాగేసినట్టు. అందరికంటే ముందు ఆ మట్టిలో పరుగెత్తింది దోమే. అతను అంత వేగంగా పరుగెత్తగలడని నాకు తెలీదు.

తుంటి దగ్గర ఎముక విరిగింది. ఆసుపత్రిలో నేనూ పక్కనే ఉన్నాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి ఇంకో డాక్టరమ్మని పిలిపించాడు. ఆవిడ పిల్లని పూర్తిగా పరీక్ష చేసి బయటికొచ్చి కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్లకి ముసలమ్మ ఎముకలున్నాయంది. ఏడాదిగా నెలసరి లేదంది. గుండె కొట్టుకోవడం మరీ నెమ్మదిగా ఉందంది. దోమ ఫోన్ తీసి గీత చూపించాడు. "కానీ మేడం, ప్రతివారం చూస్తున్నా. లాక్టేట్ తగ్గుతూ వచ్చింది. చాలా బాగుంది."

ఆవిడ ఆ గీతని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. పొయ్యి బాగా మండుతున్నా పొగ రాదు, పొయ్యిలో కట్టెలే లేకపోయినా పొగ రాదు. తినే తిండిలోంచే ఆ లాక్టేట్ తయారవుతుంది. తిండి లేక ఒళ్ళు ఖాళీ అయిపోతే అంకె ఇలాగే తగ్గుతుంది. "పరీక్ష తప్పు కాదు. చేసే ముందు అమ్మాయి ఏం తిన్నదో రాసుకోవాలి. ఇవాళ ఏం తినొచ్చింది?"

దోమ ఫోన్లో గీత వైపు చూశాడు.

"నిన్న?"

తల అడ్డంగా ఊపాడు.

"మీరేం చేస్తుంటారు?"

"ల్యాబులో, మేడం. ఇళ్ళకెళ్ళి రక్తం తీస్తా. పరగడుపున."

ఆవిడ లేచి అతని భుజం మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి వేయకుండా నాలుగు తిట్టినా బాగుండేది. అతను వరండా బెంచీ మీద అలాగే కూర్చున్నాడు. కొత్త చొక్కా నిండా ట్రాకు మట్టి. "ఊరందర్నీ అడుగుతానక్కా," అన్నాడు కాసేపటికి. "ముక్కూమొహం తెలీనివాళ్ళని అడుగుతా. నా ఇంట్లో అడగలేదు." నాకు ఏడుపు ఆగలేదు. అతను మాత్రం ఏడవలేదు.

ఎముక అతికింది. తిండి మాత్రం దారికి రాలేదు. ట్రాకుకీ మీటరుకీ ఆ పిల్లని కొన్నాళ్ళు దూరంగా ఉంచమంది డాక్టరమ్మ. బస్సులో మూడు గంటల దూరంలో బుజ్జి తల్లికి అక్క ఒకావిడ ఉంది. ఆ పెద్దమ్మ వచ్చి తీసుకెళ్ళింది, దగ్గర కూర్చుని తినిపిస్తానంది, అక్కడి డాక్టరుకి చూపిస్తానంది. వెళ్ళేటప్పుడు బుజ్జి తండ్రి వైపు చూడలేదు. కోపం కాదది. దొంగతనం చేసి దొరికిపోయినట్టు తల దించుకుంది. ఇతనూ తల దించుకున్నాడు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఉన్న కుర్చీ ఒక్కటీ పోయింది.

అప్పటినుంచీ రోజూ పొద్దున్న రెండిళ్ళ మధ్య స్కూటరు ఆపి ఫోన్ చేసేవాడు. "తిన్నావా బుజ్జీ?" అవతల నుంచి, "తిన్నా నాన్నా." అంతే, ఫోన్ పెట్టేసేది. ఒకసారి నా షాపు ముందే ఆగి చేశాడు. పెట్టేశాక ఫోన్ వైపే చూస్తూ, "నిజమో కాదో నాకేం తెలుస్తుందక్కా," అన్నాడు. పెద్దమ్మని అడిగితే సగం తింటోంది, సగం ఎక్కడ పోతోందో తెలీడం లేదనేదట. మనిషి నలిగిపోయాడు. ఏ గుమ్మంలోనైనా తినలేదంటే ముఖం వెలగడం మానేసింది. రక్తం తీశాక వాళ్ళు ఏదో ఒకటి నోట్లో వేసుకునేదాకా కదిలేవాడు కాదు. మా అత్తగారు గ్లాసెడు పాలు తాగేదాకా స్టూలు మీద కూర్చునేవాడు. ఆలస్యమవుతోందని ల్యాబువాళ్ళు కేకలేసేవాళ్ళు.

గుంపులో మళ్ళీ మీటరు మాటొచ్చింది. ఇంజనీరు వదల్లేదు. "తప్పు మీటరుది కాదు కదా, మనం సరిగ్గా చేయించుకుంటే మంచిదే," అన్నాడు. హెడ్మిస్ట్రెస్సు వద్దంది, అంకెలు చూసి పిల్లలు పాడవుతున్నారంది. అందరూ దోమ వైపు చూశారు. తిడతాడేమో, ఆ పెట్టె విసిరికొడతాడేమో అనుకున్నాను. "చేయించుకోండి," అన్నాడు. "కానీ ముందు నేనడిగింది చెప్పాలి." ఆ ఆదివారం మలుపులో కుర్చీ పడింది. మేనేజరు కూర్చున్నాడు. ముందు రోజు మధ్యాహ్నం నుంచీ ఏమేం తిన్నాడో దోమ అడిగాడు. ఆయన పెళ్ళి విందు వర్ణించినట్టు మొదలుపెడితే మేం నవ్వబోయాం. దోమ తల వంచుకుని ఒక్కో మాటా శ్రద్ధగా వింటున్నాడు. 

రెండో మనిషిగా నేను వెళ్ళి కూర్చున్నాను. ఎందుకో కూర్చోవాలనిపించింది. "నీ మూడో మనిషికి మిగిలిందా అక్కా?" అన్నాడు, చాలా రోజుల తర్వాత చిన్నగా నవ్వి. చెవి తుడుస్తుండగా అతని ఫోన్ మోగింది. బుజ్జి. ఎప్పుడూ ఇతను చేయడమే, ఆ పిల్ల తనంతట చేయడం అదే మొదలు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని అలవాటుగా అడిగాడు.

"తిన్నావా బుజ్జీ?"

నా చెవి పక్కనే ఉంది ఫోన్. నాకూ వినిపించింది.

"లేదు నాన్నా."

అతని చెయ్యి ఆగిపోయింది. "నిన్న?"

"నిన్న కూడా లేదు. తిన్నానని చెప్పా." గొంతు ఇంకా తగ్గించి, "నావల్ల కావట్లేదు నాన్నా."

"సరే బుజ్జీ. వస్తున్నా," అన్నాడు.

నా వైపు తిరిగిన ముఖం చూస్తే, ఫోన్ విననివాళ్ళు మంచి కబురేమో అనుకుంటారు, అలా వెలిగి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. "తినలేదని చెప్పిందక్కా," అన్నాడు. "నాకు చెప్పింది." పెట్టె నా ఒళ్ళో పెట్టి, స్కూటరు సంగతే మర్చిపోయి, ట్రాకు మీదుగా బస్టాండు వైపు పరుగెత్తాడు. గుచ్చని చెవి పట్టుకుని నేను అలాగే కూర్చుండిపోయాను.

సాయంత్రం షాపు కట్టేసే ముందు ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"ఎలా ఉంది?"

"కూర్చున్నాం అక్కా. కంచం ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం."

"తిన్నదా?"

"ఇంకా లేదు."

"నువ్వేమన్నా తిన్నావా?"

అడిగాకే నాకు గుర్తొచ్చింది. పొద్దున పరగడుపున వచ్చిన మనిషి, అలాగే బస్సెక్కాడు. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. ఇంతలో వెనకనుంచి బుజ్జి గొంతు వినిపించింది, చాలా నీరసంగా.

"ఎవరు నాన్నా?"

"టైలరు పిన్ని. తిన్నావా అని అడుగుతోంది."

"నిన్నా, నన్నా?"

"ఇద్దర్నీ," అన్నాడు.

ఫోన్ పెట్టేయడం మర్చిపోయినట్టున్నాడు. నేనూ పెట్టలేదు. షట్టరు సగం దించి, కంచం చప్పుడు వినిపిస్తుందేమోనని ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని నిలబడ్డాను. అక్కడ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకేమీ వినిపించలేదు.